బేరియం స్వాలో రాశారా? ఆ ఎక్స్‌రే గదిలో ఏం జరుగుతుందంటే

మా పెద్దమ్మ రాగి సంగటి మానేసిందని మాకు ఏడాది దాకా తెలియలేదు. రాజంపేట వైపు ఇళ్లలో సంగటి మానేయడమంటే చిన్న విషయం కాదు. అయినా ఆమె "వయసు పైబడింది, అరగట్లేదు" అని ఏదో ఒకటి చెప్పి, అందరూ తిన్నాక ఒక్కతే కూర్చుని మజ్జిగన్నం మెత్తగా పిసుక్కుని తినేది. ఒకరోజు నేను పక్కనే కూర్చుని గమనించాను. ముద్ద నోట్లో పెట్టుకుంటుంది, నములుతుంది, మింగుతుంది, వెంటనే చెంబెత్తి నీళ్లు తాగుతుంది. ఆ తర్వాత వెన్ను నిటారుగా పెట్టి, భుజాలు వెనక్కి లాగి, లోపల ఏదో జారేదాకా ఎదురుచూస్తున్నట్టు కాసేపు కళ్లు మూసుకుంటుంది. అప్పుడు రెండో ముద్ద. ఏమైంది పెద్దమ్మా అంటే "ముద్ద దిగలా నాయనా, ఈడ్నే నిలబడతాది" అని రొమ్ము మధ్యలో వేలు పెట్టి చూపించింది.

అప్పటికే ఒక ఆస్పత్రిలో గ్యాస్ అని మాత్రలు రాసిచ్చారు, నెలలు గడిచినా తగ్గకపోతే నోట్లోంచి కెమెరా గొట్టం పంపి చూసే ఎండోస్కోపీ చేశారు, "అంతా నార్మల్‌గా ఉంది, టెన్షన్ తగ్గించుకోండి" అని పంపేశారు. రాత్రిళ్లు పడుకుంటే తిన్నది గొంతులోకి వచ్చి దగ్గు మొదలయ్యేది, దిండు మీద మరకలు పడేవి, బరువు తగ్గింది, ఆ ఒక్క మాటతో ఇవన్నీ పక్కకు పోయాయి. తర్వాత తిరుపతిలో చూపించిన ఇంకో డాక్టరు పావుగంట సేపు ప్రశ్నలడిగి, చీటీ మీద బేరియం స్వాలో అని రాశారు. అంటే బేరియం కలిపిన తెల్లటి ద్రవం మింగిస్తూ ఎక్స్‌రేలో చూసే పరీక్ష.

ఆ చీటీ పట్టుకుని ఇంటికి వస్తే ఇంట్లో అందరికీ ఒకటే భయం. ఏదో రసాయనం తాగిస్తారంట, బేరియం విషమంట, ఎక్స్‌రే అరగంట సేపు తీస్తూనే ఉంటారంట. ఆ వారం రోజులు నేను అడగాల్సినవాళ్లని అడిగి, చదవాల్సింది చదివి, చివరికి పరీక్ష రోజు దగ్గరుండి చూశాను. నేను డాక్టర్‌ని కాను. అలాంటి చీటీ చేతిలో పట్టుకుని కూర్చున్నవాళ్లకి నాకు తెలిసింది చెబుదామని రాస్తున్నాను.

ముందుగా ఒక్క మాట పట్టుకుంటే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. గొంతు నుంచి కడుపుకి వెళ్లే గొట్టం లోపలి గోడని ఎండోస్కోపీ చూస్తుంది. బేరియం స్వాలో మనం మింగే పనిని చూస్తుంది. మింగడం ఒక కదలిక, దాన్ని చూడాలంటే మనం మింగుతుండగానే చూడాలి. కాబట్టి ఈ పరీక్షలో సగం పని డాక్టరుది, సగం పని పేషెంటుది.

మనం గుటక వేస్తే ఏమవుతుందో ఎప్పుడైనా ఆలోచించారా? నాలుక ముద్దని వెనక్కి నెడుతుంది, ముక్కులోకి పోకుండా పైదారి మూసుకుంటుంది, ఊపిరి గొట్టం పైకి లేచి దాని మూత పడుతుంది, ముద్ద గొంతు దాటిపోతుంది. ఇదంతా దాదాపు ఒక్క సెకనులో అయిపోతుంది. ఆ సెకనులో ఏ కాస్త తేడా వచ్చినా పొలమారుతుంది. గొంతు దాటాక సుమారు 25 సెంటీమీటర్ల పొడవుండే అన్నవాహిక మొదలవుతుంది. చాలామంది దీన్ని నీళ్ల పైపులాగా ఊహించుకుంటారు, పైన పోస్తే కింద పడుతుందని. నిజానికి అది కండరం. పైనుంచి కిందికి ఒక అల లాగా బిగుసుకుంటూ ముద్దని తోసుకుపోతుంది. పడుకుని తిన్నా ముద్ద కడుపులోకి చేరుతుందంటే ఆ అల వల్లే. అల కిందికి చేరడానికి ఎనిమిది పది సెకన్లు పడుతుంది, అది వచ్చేసరికి అడుగున ఉండే బిగువైన కండరం వదులై దారి ఇవ్వాలి, ముద్ద దాటగానే మళ్లీ మూసుకోవాలి. మా పెద్దమ్మకి వచ్చిన ఇబ్బంది సరిగ్గా ఆ అడుగు ద్వారం దగ్గర.

మామూలు ఎక్స్‌రేలో ఇదంతా కనపడదు. ఎక్స్‌రే కిరణాలు మెత్తటి కండరాల గుండా దాదాపు ఒకేలా దూసుకుపోతాయి, ఎముకల దగ్గర ఆగుతాయి కాబట్టి ఎముకలు తెల్లగా వస్తాయి. అన్నవాహికని కూడా తెల్లగా చూపించాలంటే కిరణాల్ని ఆపే పదార్థం ఏదైనా దాని గుండా పంపాలి. 1895లో రాంట్‌జన్ ఎక్స్‌రేలు కనిపెట్టిన మరుసటి ఏడాదే ఈ ఆలోచన మొదలైంది. అమెరికాలో హార్వర్డ్ మెడికల్ స్కూల్లో అప్పటికింకా విద్యార్థిగా ఉన్న వాల్టర్ కానన్, బిస్మత్ అనే లోహపు ఉప్పు కలిపిన మేత పెట్టి జంతువులు మింగుతుంటే ఎక్స్‌రేలో చూశాడు. పొడుగు మెడ కాబట్టి బాతు జాతి పక్షిని కూడా వాడుకున్నాడు. తర్వాత మనుషులకీ బిస్మత్ ఉప్పులే ఇచ్చేవాళ్లు, కానీ వాటివల్ల కొందరికి విషమెక్కింది. 1910 ప్రాంతంలో జర్మనీలో బేరియం సల్ఫేట్ వాడటం మొదలైంది. వందేళ్లు దాటినా ఇప్పటికీ అదే.

మా ఊరివాళ్లకి ఈ పదార్థం నిజానికి కొత్తది కాదు. రాజంపేట నుంచి తిరుపతికి వెళ్లే దారిలో రైల్వే కోడూరుకి దగ్గర్లోనే మంగంపేట ఉంది, అక్కడి ముగ్గురాయి గనులు ప్రపంచంలోనే అతి పెద్ద నిక్షేపాల్లో ఒకటి. ముగ్గురాయి అంటే బెరైట్స్, బెరైట్స్ అంటే బేరియం సల్ఫేటే. ఏపీ ఖనిజాభివృద్ధి సంస్థ తవ్వే ఆ రాయిలో ఎక్కువ భాగం చమురు బావుల డ్రిల్లింగ్‌కి పోతుంది, ఎందుకంటే అది నీటికంటే నాలుగున్నర రెట్లు బరువు. బేరియం అన్న పేరే గ్రీకు భాషలో బరువు అన్న మాట నుంచి వచ్చింది. చిన్నప్పటి నుంచి ఆ లారీలు చూస్తూ పెరిగాను, అందులో ఉన్నదే ఒకరోజు మా పెద్దమ్మ గ్లాసులోకి వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు. రాయిని అలాగే నూరి తాగిస్తారని కాదు, మందుకి వాడేది వేరే, బాగా శుద్ధి చేసి మెత్తటి పొడిగా తయారుచేసింది.

మరి బేరియం విషమా? ఈ ప్రశ్న అడిగినవాళ్లని నవ్వి తీసిపారేయకూడదు, అందులో నిజం ఉంది. బేరియం కార్బొనేట్‌ని ఎలుకల మందుగా వాడతారు. అది కడుపులోని ఆమ్లంలో కరుగుతుంది, కరిగిన బేరియం రక్తంలో కలిస్తే పొటాషియం పడిపోయి కండరాలు చచ్చుబడతాయి, గుండె లయ తప్పుతుంది. బేరియం సల్ఫేట్ మాత్రం నీళ్లలోనూ కరగదు, కడుపులోని ఆమ్లంలోనూ కరగదు. కరగనిది రక్తంలోకి ఎలా పోతుంది? నోట్లోంచి పోయింది పోయినట్టే మలంతో బయటికి వచ్చేస్తుంది. అంటే ఇక్కడ మనల్ని కాపాడేది ఆ కరగని గుణమే. 2003లో బ్రెజిల్‌లో ఈ పరీక్షలకి వాడే మందులో కార్బొనేట్ కలవడం వల్ల ప్రాణాలే పోయాయి. అందుకే సీలు వేసిన, మందుల కంపెనీ తయారీ బేరియం సల్ఫేట్ మాత్రమే వాడాలి. డబ్బా మీదో ప్యాకెట్ మీదో ఆ పేరు రాసి ఉంటుంది, ఒకసారి చూపించమని అడగొచ్చు, అడిగితే తప్పేమీ లేదు.

ఇక పరీక్ష ముందు రోజు సంగతి. సాధారణంగా అర్ధరాత్రి నుంచి ఏమీ తినొద్దు, తాగొద్దు అంటారు, కొన్నిచోట్ల ఆరు గంటలు ఖాళీ కడుపు చాలంటారు, మీ సెంటర్‌లో ఏం చెబితే అదే పాటించండి. పెద్దమ్మకి తిన్నది అన్నవాహికలోనే నిల్వ ఉంటోందన్న అనుమానం ఉండటంతో ముందు రోజంతా గంజి, మజ్జిగ లాంటివే ఇవ్వమన్నారు. చూయింగ్ గమ్, వక్కపొడి, కిళ్లీ, గుట్కా, సిగరెట్ ఏవీ పొద్దున ముట్టుకోకూడదు, అవి లాలాజలాన్ని పెంచుతాయి, నోరు నిండా లాలాజలం ఉంటే బేరియం గోడకి సరిగ్గా అంటదు. షుగర్ ఉన్నవాళ్లు మాత్రం జాగ్రత్త. ఖాళీ కడుపుతో మాత్రో ఇన్సులినో తీసుకుంటే షుగర్ పడిపోతుంది, అలాగని సొంతంగా మానేయకూడదు, ముందే డాక్టరుని అడిగి, పొద్దున్నే మొదటి నంబరు ఇవ్వమని సెంటర్‌లో చెప్పుకోవాలి. బీపీ మాత్రల గురించి కూడా ముందే అడిగి ఉంచుకోండి.

గర్భం ఉన్నా, ఉందేమోనన్న అనుమానం ఉన్నా లోపలికి వెళ్లకముందే చెప్పాలి, అప్పుడు వీలైతే పరీక్ష వాయిదా వేస్తారు. పాలిచ్చే తల్లులకి ఇబ్బంది లేదు, బేరియం రక్తంలోకే చేరనప్పుడు పాలలోకి ఎలా వస్తుంది. సీటీ స్కాన్ ఇంజెక్షన్ పడక దద్దుర్లు వచ్చినవాళ్లు కంగారు పడుతుంటారు. అది అయోడిన్ మందు, ఇది వేరు. అయినా పాత ఎలర్జీలన్నీ ఒకసారి చెప్పేయడమే మంచిది.

మెడలోవి, చెవులవి, జడలో పిన్నులు అన్నీ తీసేయాలి, ఎందుకంటే చూడాల్సిన చోటే మెడ, రొమ్ము. గొలుసు నీడ పడిందంటే దాని వెనక ఏముందో కనపడదు. మంగళసూత్రం తీయడానికి చాలామంది ఆడవాళ్లు ఒప్పుకోరు, పెద్దమ్మా ఒప్పుకోలేదు. అక్కడి నర్సమ్మే "పసుపు తాడు కట్టుకుని రామ్మా, దారం ఎక్స్‌రేలో పడదు" అంది. ఇంటి నుంచే పసుపు తాడు, చిన్న పసుపు కొమ్ము తీసుకెళ్తే ఆ గొడవే ఉండదు.

గదిలోకి వెళ్లగానే భయం పుట్టించేది ఆ యంత్రం. పడుకోబెట్టే బల్ల నిలువుగా లేచి నిలబడి ఉంటుంది, అడుగున కాళ్లు పెట్టుకోవడానికి చిన్న పలక, పక్కన పట్టుకోవడానికి పిడులు. మనం దానికి వీపు ఆనించి నిలబడతాం. ఎదురుగా ఎక్స్‌రే పెట్టె మనమీదికి వచ్చి ఆగుతుంది, ఒంటికి తగలదు. మధ్యలో బల్ల మెల్లగా వెనక్కి వాలుతుంది, పడిపోతున్నట్టు అనిపిస్తుంది, పడిపోరు. పెద్దవాళ్లకి ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి, చెప్పకపోతే ఆ క్షణంలో గట్టిగా బిగుసుకుపోతారు. లోపల జరిగేది ఒక్క ఫొటో కాదు, కదిలే బొమ్మ. ఫ్లోరోస్కోపీ అంటారు, ఎక్స్‌రేలో వీడియో అనుకోండి. తెరమీద చూస్తూ కావాల్సిన చోట బొమ్మలు పట్టుకుంటారు.

తర్వాత గ్లాసు చేతికిస్తారు. తెల్లగా, దోసె పిండి అంత చిక్కగా ఉంటుంది, రుచి సుద్ద కలిపిన నీళ్లలా ఉంటుంది, కొన్నిచోట్ల వెనీలానో స్ట్రాబెర్రీనో కలిపి తీపిగా చేస్తారు. చేతికి బరువుగా తగులుతుంది. వాసన పెద్దగా ఉండదు. మొదట ఒక గుక్క నోట్లో పోసుకుని ఆపమంటారు. డాక్టరు "మింగండి" అన్నాకే మింగాలి. ఒక్క గుటకలో మింగి, ఇంక కదలకుండా, ఇంకో గుటక వేయకుండా ఉండాలి.

దీన్ని కాస్త విడమరిచి చెప్పాలి, ఎందుకంటే చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. ఒక గుటక వేశాక అల కిందికి దిగుతున్నంతలో మీరు రెండో గుటక వేశారనుకోండి, మొదటి అల అక్కడికక్కడే ఆగిపోతుంది. శరీరం తీరే అంత. గటగటా నీళ్లు తాగుతున్నప్పుడు అన్నవాహిక వదులుగా ఉండిపోయి, చివరి గుటక తర్వాతే పూర్తి అల వేస్తుంది. మామూలుగా అది మంచిదే. కానీ పరీక్షలో భయంతో నోరెండిపోయి వరసగా గుటకలు మింగితే, ఆరోగ్యంగా ఉన్న అన్నవాహికలో కూడా అలలు మధ్యలో ఆగిపోయినట్టు తెరమీద కనపడతాయి. లేని జబ్బు ఉన్నట్టు అనుమానం రావచ్చు. అందుకే ఇంట్లోనే నీళ్లతో రెండుమూడు సార్లు సాధన చేయించండి. నోట్లో పోసుకుని ఆపడం, చెప్పగానే ఒకే గుటక, తర్వాత మనసులో పది లెక్కపెట్టుకోవడం. పెద్దమ్మకి ముందు రోజు సాయంత్రం అరుగు మీద కూర్చోబెట్టి ఇదే చేయించాను. పరీక్షలో ఆమె ఎక్కడా తడబడలేదు.

ఒకసారి ఎదురుగా, ఒకసారి పక్కకి తిప్పి, ఒకసారి ఏటవాలుగా నిలబెట్టి మింగిస్తారు. పక్కకి తిప్పి తీసేవి గొంతు కోసం, అక్కడ అంతా సెకనులో అయిపోతుంది కాబట్టి చకచకా తీస్తారు. తర్వాత బల్ల పడుకోబెట్టి, మనల్ని బోర్లా కాస్త ఏటవాలుగా తిప్పి, స్ట్రాతో తాగమంటారు. పడుకుని తాగడమేంటని విసుక్కోవద్దు. నిలబడి ఉంటే బరువుకే సగం కిందికి జారిపోతుంది, పడుకుంటే ఆ సాయం ఉండదు, కండరం ఒక్కటే పని చేయాలి, దాని అసలు సత్తా అప్పుడే బయటపడుతుంది. కొందరికి ముందుగా నురగ వచ్చే పొడి ఇస్తారు, అది గ్యాస్ పుట్టించి గొట్టాన్ని ఉబ్బిస్తే గోడ మీద సన్నటి పూత పడి చిన్న తేడాలు కూడా కనపడతాయి. అప్పుడు త్రేన్పు వస్తుంది, ఆపుకోవాలి, త్రేన్చేస్తే ఆ గ్యాస్ అంతా పోయి మళ్లీ మొదటికొస్తుంది.

మీకు నీళ్లు, జావ బాగానే దిగి, చపాతీ ముక్క, ఇడ్లీ ముక్క దగ్గరే ఇబ్బంది అయితే ఆ మాట రేడియాలజిస్టుకి మీ నోటితో చెప్పండి. చీటీలో రాసి ఉంటుందిలే అనుకోవద్దు. పలచటి బేరియం సన్నబడిన చోటునుంచి కూడా హాయిగా జారిపోతుంది, అంతా బాగుంది అని రిపోర్ట్ వచ్చేస్తుంది. మీరు చెబితే బేరియంలో ముంచిన బ్రెడ్ ముక్కో, సుమారు 13 మిల్లీమీటర్లుండే బేరియం మాత్రో మింగించి అది ఎక్కడ ఆగుతుందో చూస్తారు. ఎక్కడ ఆగినట్టనిపిస్తే అక్కడ, ఆ క్షణంలోనే వేలు పెట్టి చూపించండి. ఒక తమాషా సంగతి, అడుగున అడ్డం ఉన్నా కొందరికి గొంతులోనే ఆగినట్టు అనిపిస్తుంది, కాబట్టి గొంతు ఒక్కటే చూసి వదిలేయకుండా కడుపు దాకా చూడాలి.

పెద్దమ్మకి డాక్టరు ప్రత్యేకంగా టైమ్డ్ బేరియం అని రాశారు. నిలబెట్టి సుమారు 200 మిల్లీలీటర్లు తాగించి, ఒక నిమిషానికి, రెండు నిమిషాలకి, ఐదు నిమిషాలకి ఒక్కో ఫిల్ము. మామూలుగా అయితే నిమిషానికల్లా గొట్టం దాదాపు ఖాళీ కావాలి. తర్వాత నన్ను పిలిచి తెరమీద చూపించారు. వెడల్పుగా ఉబ్బిన తెల్లటి స్తంభం, కిందికొచ్చేసరికి నున్నగా సన్నబడుతూ చిలక ముక్కులా ముగిసిపోయింది, దాని కింద కడుపులో రెండు మూడు తెల్లటి చుక్కలు. ఐదో నిమిషం ఫిల్ములో కూడా ఆ స్తంభం జానెడు ఎత్తు నిలబడే ఉంది. ఏడాదిగా ఆమె వేలు పెట్టి చూపిస్తున్న చోటు సరిగ్గా అదే. ఆ జబ్బు పేరు అకలేషియా. అడుగు ద్వారం వదులు కాదు, పైన అలలు ఉండవు. మొదట్లో ఎండోస్కోపీలో ఇది తెలియకుండా పోవచ్చు, ఎందుకంటే లోపలి గోడ బాగానే ఉంటుంది, కెమెరా గొట్టం కొంచెం నెడితే ద్వారం దాటిపోతుంది. ఘనపదార్థమే కాదు, నీళ్లు కూడా నిలబడుతున్నాయని చెప్పే పేషెంటు మాటని వింటే అనుమానం వచ్చి ఉండేది. ఆ ఏడాది గుర్తొస్తే ఇప్పటికీ నాకు బాధగానే ఉంటుంది.

అలాగని ఒక్క బేరియంతోనే తేల్చేయరు. అన్నవాహిక లోపలి ఒత్తిడి కొలిచే మానోమెట్రీ చేస్తారు, ఎండోస్కోపీ కూడా మళ్లీ చేస్తారు, ఎందుకంటే కడుపు మొదట్లో వచ్చే క్యాన్సర్ కూడా ఒక్కోసారి ఇదే ముక్కు ఆకారం చూపిస్తుంది. ముందు గట్టి ఆహారం, కొన్ని వారాల్లో మెత్తటిది, తర్వాత నీళ్లు, ఇలా వరసగా ఆగుతూ వస్తే, బరువు కూడా తగ్గుతుంటే, బేరియం కోసం ఆగకుండా ముందు ఎండోస్కోపీకే వెళ్లాలి. అనుమానం ఉన్న చోట ముక్క తీసి బయాప్సీకి పంపడం బేరియంతో కుదరదు. చిన్న పుండ్లు, పలచటి గడ్డలు ఇందులో కనపడకుండా పోవచ్చు. ఎసిడిటీ విషయంలోనూ అంతే, పరీక్ష సమయంలో ఆమ్లం వెనక్కి రాలేదు కాబట్టి మీకు ఆ జబ్బు లేదని కాదు.

కానీ కొన్నింటిలో బేరియందే పైచేయి. రక్తహీనత ఉన్న ఆడవాళ్లలో గొంతు కింద సాలెగూడు పొరలాంటి సన్నటి అడ్డం వస్తుంది, ఎండోస్కోప్ దాన్ని గమనించకుండానే చీల్చుకుని వెళ్లిపోగలదు, పక్కనుంచి చకచకా తీసిన బేరియం బొమ్మల్లో అది కనపడుతుంది. మన ఇళ్లలో ఆడవాళ్లు చివరికి మిగిలింది తిని, పాలిపోయి కూడా ఓపిక లేదంతే అని సరిపెట్టుకుంటారు, ముద్ద గొంతు దగ్గరే ఆగుతోందంటే హిమోగ్లోబిన్ కూడా చూపించండి. పెద్ద వయసువాళ్లలో గొంతు వెనక సంచిలా ఉబ్బి, నిన్న తిన్నది ఈరోజు నోట్లోకి వస్తుంటే ముందు బేరియమే మంచిది, చూసుకోకుండా ఎండోస్కోప్ ఆ సంచిలోకి దిగితే చిరిగే ప్రమాదం ఉంది. యాసిడ్, టాయిలెట్ క్లీనర్ తాగి బతికి బయటపడినవాళ్లకి గొట్టం ఎక్కడెక్కడ, ఎంత పొడవున సన్నబడిందో ముందుగా తెలిసేది దీంతోనే. పక్షవాతం వచ్చి ప్రతి గుటకకీ పొలమారుతున్నవాళ్లకి చేసేది కొంచెం వేరు, నీళ్లలా, తేనెలా, ముద్దలా రకరకాల చిక్కదనాల్లో కొద్దికొద్దిగా ఇచ్చి, ఏది ఊపిరి గొట్టంలోకి పోకుండా దిగుతుందో చూసి, ఏం తినిపించాలో చెబుతారు.

బేరియం అసలు ఇవ్వకూడని సందర్భాలు కూడా ఉన్నాయి. అన్నవాహికకి చిల్లు పడిందన్న అనుమానం ఉంటే, కొత్తగా ఆపరేషన్ అయి కుట్లు కారుతున్నాయేమో చూడాలంటే, నీళ్లలో కరిగే అయోడిన్ మందు వాడతారు, బేరియం గొట్టం బయటికి కారితే లోపల తీవ్రమైన వాపు వస్తుంది. పేగుల్లో అడ్డం ఉన్నవాళ్లకీ ఇవ్వరు. మాంసం ముక్కో, మామిడి టెంకో గట్టిగా ఇరుక్కుపోయి ఉమ్ము కూడా మింగలేకపోతుంటే పరీక్షల కోసం తిరగొద్దు, నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి.

కడుపు స్కానింగ్, సీటీ, పెద్దపేగు చూసే కొలనోస్కోపీ కూడా రాసి ఉంటే వాటిని ముందు చేయించుకుని బేరియం ఆఖర్న పెట్టుకోవడం మేలు. పేగుల్లో మిగిలిన బేరియం కొన్ని రోజులు వాటికి అడ్డం వస్తుంది.

రేడియేషన్ గురించి కూడా చెప్పాలి. ఒక బేరియం స్వాలోకి సుమారు ఒకటిన్నర మిల్లీసీవర్టులు (ఒంటికి అందే రేడియేషన్‌ని కొలిచే లెక్క) పడుతుందంటారు, ఎంతసేపు చూశారన్న దాన్నిబట్టి పెరుగుతుంది, తగ్గుతుంది. మట్టి, గాలి, ఆకాశం నుంచి మనందరికీ ఏడాదికి సగటున 2.4 మిల్లీసీవర్టుల దాకా ఎలాగూ అందుతుంది. ఛాతీ ఎక్స్‌రే కంటే ఇది చాలా ఎక్కువే, అవసరం లేకుండా చేయించుకోవాల్సింది కాదు, అవసరమైనప్పుడు వెనకాడాల్సిందీ కాదు. తోడు వెళ్లినవాళ్లు బయట ఉండాలి, తప్పక లోపల ఉండాల్సివస్తే సీసం ఏప్రాన్ అడిగి వేసుకోవాలి.

పరీక్ష అంతా కలిపి పావుగంట నుంచి అరగంట. అయిపోగానే తినొచ్చు. ఆ రోజూ మర్నాడూ నీళ్లు బాగా తాగాలి, ఎందుకంటే బేరియం పేగుల్లో నీళ్లు తగ్గి గట్టిపడితే మలబద్ధకం వస్తుంది. రెండుమూడు రోజులు విరేచనం తెల్లగా వస్తుంది, కంగారు పడొద్దు, దొడ్లో అంటుకుంటుంది, రెండు బకెట్లు ఎక్కువ పోయాలి. మూడు రోజులైనా విరేచనం కాకపోయినా, కడుపు నొప్పి, వాంతులు వచ్చినా డాక్టరుకి చెప్పండి. ముందే మలబద్ధకం ఉన్నవాళ్లు పరీక్ష రోజే ఏం వాడాలో అడిగి రావాలి.

రిపోర్ట్ చేతికి వచ్చాక ఇంగ్లిషు మాటలు చూసి గుండె జారుతుంది. హోల్డప్ అంటే బేరియం అక్కడ ఆగిపోయిందని. డైలటేషన్ అంటే ఉబ్బిందని, స్మూత్ టేపరింగ్ అంటే నున్నగా సన్నబడిందని. ఇర్రెగ్యులర్ అని, ఫిల్లింగ్ డిఫెక్ట్ అని ఉంటే గోడ గరుకుగా ఉందని, ఏదో చోటు ఆక్రమించిందని అర్థం, అది క్యాన్సరే అని కాదు, కానీ ఎండోస్కోపీ ఆలస్యం చేయకూడదు. హయాటస్ హెర్నియా అంటే కడుపు పైభాగం కొంచెం ఛాతీలోకి జారిందని, అది చాలామందిలో ఉంటుంది. గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం, బృహద్ధమని, ఆనుకున్న చోట చిన్న నొక్కు కనపడటం అందరికీ ఉండేదే. ఫిల్ములు, సీడీ పారేయకండి, తర్వాతి పరీక్షతో పోల్చాల్సింది వాటితోనే.

పెద్దమ్మకి హైదరాబాద్‌లో పోయెమ్ చేయించాం. నోట్లోంచి ఎండోస్కోప్ పంపి బిగుసుకున్న కండరాన్ని లోపలినుంచే కోస్తారు, 2008లో జపాన్‌లో హరుహిరో ఇనౌయె మొదలుపెట్టిన పద్ధతి. ఆ తర్వాత కొందరికి ఎసిడిటీ వస్తుంది, ఆమెకీ వచ్చింది, రోజూ ఒక మాత్ర వేసుకుంటోంది. కొన్ని నెలలకి మళ్లీ టైమ్డ్ బేరియం చేశారు. ఈసారి గ్లాసు చూసి ఆమే "ఒక్క గుటకే కదా నాయనా" అంది టెక్నీషియన్‌తో. అప్పటిదీ ఇప్పటిదీ, ఐదో నిమిషం ఫిల్ములు పక్కపక్కన పెట్టి చూపించారు. పాతదాంట్లో జానెడు స్తంభం, కొత్తదాంట్లో అడుగున సన్నటి గీత.

తిరుగు ప్రయాణంలో నీళ్లు తాగుతూ ఉండమని చెప్పారు కాబట్టి బాటిల్ ఆమె ఒళ్లోనే పెట్టాను. కోడూరు దగ్గర రోడ్డు పక్కన అరటిపళ్ల గెలలు కనపడితే బండి ఆపమంది. ఒక పండు వలిచి, కొరికి, నమిలి మింగింది. బాటిల్ మూత తీయలేదు.